తుడిచేసిన ఎరుపు

"అబద్ధం చెప్పేటప్పుడు కాస్త చూసుకుని చెప్పాలమ్మా" అంటూ ఇన్‌స్పెక్టర్ ఫోటోని బల్ల మీద నర్సు వైపు తోశాడు. "మొహం గులాబీ రంగులో కళకళలాడుతూ ఉందన్నావు. ఇదిగో ఆ మొహం. ఎక్కడుంది కళ?"

నర్సు ఫోటో చూసి తల తిప్పుకుంది. నిన్నటి నుంచి ఆ కుర్చీలోనే ఉంది. కట్టుకున్న తెల్ల చీర నలిగిపోయి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఫోటోలో పెద్దాయన తలగడ మీద తల వాల్చి పడుకుని ఉన్నాడు. చామనఛాయ మొహం, నోరు బిగించి ఉంది. ఎరుపన్న మాటే లేదు.

"నేను చూసింది చెప్పాను సార్."

"చూసింది కాదు, చూసినట్టు ఊహించుకున్నది చెప్పావు. ఒక్క విషయంలో అబద్ధమాడినదానివి, రెండే నిద్రమాత్రలిచ్చానంటే నేనెలా నమ్మాలి?"

గది మూల స్టూలు మీద కూర్చున్న డిటెక్టివ్ ఇంతవరకూ నోరు మెదపలేదు. ఆమెని ఈ కేసులోకి దించింది నర్సు చెల్లెలు. పొద్దున్నే వచ్చి, "మా అక్క చీమకి కూడా అపకారం చెయ్యదు మేడం" అని ఒకటే ఏడుపు. డిటెక్టివ్‌కి ఏడుపులంటే చిరాకు. అందులోనూ, చీమల సంగతి ఎవరూ అడగకుండానే చెప్పేవాళ్ళంటే మరీ చిరాకు. అయినా వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి నర్సుని మెజిస్ట్రేట్ ముందుకు తీసుకువెళ్తారు. ఆ తర్వాత హత్యకేసు ముద్దాయి అన్న పేరు ఒక్కసారి పడిందంటే, రేపు నిర్దోషి అని తేలినా ఇంకో ఇంట్లో రోగి మంచం దగ్గరికి ఆమెని ఎవరూ రానివ్వరు.

ఇన్‌స్పెక్టర్‌కి ఈ డిటెక్టివ్ కంట్లో నలుసు. ఇంతకుముందు ఒకటి రెండు కేసుల్లో ఆయన చెప్పింది తప్పయి, ఈవిడ చెప్పింది నిజమై కూర్చుంది. గెంటేద్దామని ఉంది. గెంటేశాక మళ్ళీ ఆవిడ మాటే నిజమైతే తలెత్తుకోలేనన్న భయమూ ఉంది. అందుకే స్టూలు వేయించాడు, కుర్చీ వేయించలేదు.

"నేనూ కాస్త అడగొచ్చా?" అంది డిటెక్టివ్.

"అడగండి. మీ సరదా ఎందుకు కాదనాలి?"

ఆమె స్టూలు ముందుకి జరుపుకుంది. "మొన్న రాత్రి మాత్రలు ఎక్కడినుంచి తీసిచ్చావు?"

"మంచం పక్క సొరుగులో షీటు ఉంటుంది మేడం. రెండు తీసిచ్చి వచ్చేశాను. ఇంకా సగానికి పైనే మిగిలాయి."

"నిన్న పొద్దున అదే షీటు చెత్తబుట్టలో ఖాళీగా దొరికింది. దాని నిండా ఈవిడ వేలిముద్రలే" అని అందుకున్నాడు ఇన్‌స్పెక్టర్. "పెద్దాయన ఆ రోజే ఈవిణ్ణి పనిలోంచి తీసేస్తానని కేకలేశాడట. కొడుకు చెప్పాడు."

"రోజూ ఆవిడే ఇస్తుంటే ఆవిడ వేలిముద్రలు కాక నావి ఉంటాయా?" అని నర్సు వైపు తిరిగింది డిటెక్టివ్. "కేకలేశాడా?"

"ఆయన రోజూ కేకలేసేవారు. టీలో పంచదార తక్కువైనా నన్ను తీసేసేవారు. సాయంత్రానికి మళ్ళీ పెట్టుకునేవారు."

"నిన్న పొద్దున ఏమైంది? గేటు దగ్గర్నుంచి చెప్పు."

"రోజూ ఏడింటికి వెళ్తాను. నిన్న మా చెల్లికి ఇంటర్వ్యూ ఉంటే, పోతూ పోతూ బండి మీద నన్ను దింపేసింది. గంట ముందే వెళ్ళాను. గేటు తీసేసరికి అబ్బాయిగారు మెట్ల కింద నిలబడి ఉన్నారు. ఇంత పెందరాళే వచ్చావేంటని అడిగారు."

"పైకి వెళ్ళాక?"

"కిటికీ బార్లా తెరిచి ఉంది. నాకు ఆశ్చర్యమేసింది. ప్రాణం పోయినా ఆయన కిటికీ తెరవనిచ్చేవారు కాదు." అన్నాక తనన్న మాట తనకే వినిపించి నర్సు నాలుక కరుచుకుంది. "చలిగాలి పడదు మేడం ఆయనకి."

"ఇంకా?"

"బాత్‌రూంలో అద్దం మీద ఆవిరి. గోడల మీంచి నీళ్ళు కారుతున్నాయి. అబ్బాయిగారు గానీ పైన స్నానం చేశారేమో అనుకున్నాను. గీజర్‌కి గ్యాస్ సిలిండర్ మొన్ననే మార్చారు, వేడినీళ్ళకి లోటు లేదు. తర్వాత మంచం దగ్గరికెళ్ళాను. బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి. ఇన్నాళ్ళలో ఆయన్ని అంత ఆరోగ్యంగా ఎప్పుడూ చూళ్ళేదు. హాయిగా నిద్రపట్టిందిలే అనుకుని చెయ్యి పట్టుకున్నాను." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "చల్లగా తగిలింది."

ఇన్‌స్పెక్టర్ ఫోటో మీద వేలితో టకటకా కొట్టాడు. "మళ్ళీ అదే మాట. నేను పైకి వెళ్ళేసరికి శవానికి గుడ్డ చుట్టేశారు గానీ, ఈ ఫోటో తీసింది నువ్వు చూసిన కాసేపటికే. ఆ కాసేపట్లో గులాబీ రంగు ఎటు పోయిందమ్మా, ఎగిరిపోయిందా?"

డిటెక్టివ్ ఫోటో చేతిలోకి తీసుకుంది. పూర్వాశ్రమంలో ఆమె బీమా కంపెనీ ఉద్యోగి. కాలిన కార్లు, మునిగిన గోదాముల ఫోటోలు చూసి చూసి, ఫోటోలో అందరూ చూసేదాన్ని చివర చూడటం అలవాటైంది. మొహాన్ని వదిలేసి తలగడ చూసింది. తర్వాత గోడ చూసింది.

"తలగడ గలీబు ఏ రంగుది?"

"తెలుపు మేడం. ముందురోజు నేనే ఉతికి తొడిగాను."

"గోడలు?"

"అవీ తెలుపే."

ఫోటోలో గోడలు లేత పిస్తా రంగులో ఉన్నాయి. గలీబు మీద కూడా, పట్టి చూస్తే, అదే ఛాయ.

"గది చూడాలి" అంటూ డిటెక్టివ్ లేచింది.

"చూడండి. గోడలకి రంగులేయించాలంటే కొలతలు కూడా తీసుకోండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్, తాళంచెవి కోసం జేబు తడుముకుంటూ.

పెద్దాయన ఇంటి కింది భాగమంతా కొడుకు నడిపే అట్టపెట్టెల కార్ఖానా. ఆ రోజు పనివాళ్ళు లేరు. కత్తిరించని అట్టలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. కొడుకు మనిషి నెమ్మదైనవాడు, గడ్డం గీసుకోలేదు. వాళ్ళని చూడగానే లేచి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ అతని భుజం తట్టి, "కూర్చో బాబూ" అన్నాడు. నర్సుతో మాట్లాడిన గొంతు ఇది కాదు.

"మొన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు?" అని అడిగింది డిటెక్టివ్.

"ఇక్కడేనండి. ఆర్డరు అందించాల్సింది ఉంటే ఆలస్యమైంది."

"పైకి వెళ్ళలేదా?"

"నిన్న పొద్దున నర్సు అరిస్తే వెళ్ళాను."

"అంతకుముందు స్నానం గట్రా?"

"లేదండి. నిద్ర లేచిందే అప్పుడు."

"నర్సు వచ్చేసరికి మీరు మెట్ల కింద నిలబడి ఉన్నారట."

"అవునవును. లేచి మొహం కడుక్కుందామని ఇలా వచ్చాను."

"ఇల్లు అమ్మకానికి పెట్టారా?"

"ఎవరు చెప్పారండీ?"

"మీ గేటే చెప్పింది. బోర్డు కట్టిన తీగ కొత్తది, ఇంకా వేలాడుతోంది. బోర్డే లేదు."

కొడుకు ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు, కాస్త ఈవిడ నోరు మూయించండి అన్నట్టు. "నాన్నగారి ముచ్చట అది. అమ్మేసి మా అక్క దగ్గరికి పోతానంటూ ఉండేవారు. పెద్దవాళ్ళు రోజుకొకటి అంటారు, అన్నీ మనసులో పెట్టుకుంటామా?"

"అమ్మేస్తే ఈ కార్ఖానా ఎక్కడికి పోతుంది?"

"చాలండీ" అని ఇన్‌స్పెక్టర్ అడ్డుపడ్డాడు. "తండ్రి పోయి రెండో రోజు. ఇంకా శవం కూడా ఇంటికి రాలేదు. వ్యాపారం లెక్కలు తర్వాత మాట్లాడుకోవచ్చు. పైకి పదండి."

మెట్లెక్కుతున్నంతసేపూ ఆయన సణుగుతూనే ఉన్నాడు. పై గది తాళం మీద అంటించిన కాగితం సీలు చూపించి, తీశాడు. "నిన్న ఫోటోలు తీయడం అవగానే నా చేత్తో వేసిన తాళం ఇది. నాకు తెలియకుండా ఈగ కూడా దూరలేదు."

డిటెక్టివ్ గుమ్మంలోనే ఆగి ఫోటోని గోడ పక్కన పెట్టి చూసింది. గోడ తెల్లగా ఉంది. ఫోటోలో గోడ పిస్తా రంగులో ఉంది.

ఇన్‌స్పెక్టర్‌కీ ఆ తేడా కనబడింది. "రాత్రికి రాత్రి సున్నం వేశారంటారా?"

"వేస్తే మంచం తలాపున ఈ జిడ్డు మరక ఉండదు. ఫోటోలోనూ ఉంది, ఇక్కడా ఉంది. ఆ మేకూ, ఆ బీటా కూడా ఉన్నాయి. గోడ మారలేదు, ఫోటోయే ఏదో దాస్తోంది."

"గోడ రంగు దాచుకుని ఫోటో ఏం బావుకుంటుంది?"

ఆమె బాత్‌రూంలోకి నడిచింది. మంచానికీ బాత్‌రూం తలుపుకీ మధ్య దూరం నాలుగడుగులుంటుందేమో. లోపల గోడకి గ్యాస్ గీజర్. దానికి పైన, కప్పుకి దగ్గరగా వెంటిలేటర్. ఇనప జాలీ, అంతే. జాలీలోంచి ఆకాశం కనిపిస్తోంది. ఆమె ఇన్‌స్పెక్టర్ చేతిలోని ఫోటోల కట్ట అందుకుని, అందులో బాత్‌రూంది వెతికి తీసింది. అందులో ఆకాశం లేదు. వెంటిలేటర్‌ని తెల్లటి పలకతో మూసేసినట్టుంది.

బకెట్టు బోర్లించి ఎక్కి, జాలీ మీద వేలితో రాసింది. వేలికి ఏమీ అంటలేదు. పక్కనే గీజర్ మీద గీస్తే వేలికి దుమ్ము కుప్పగా అంటుకుంది.

"ఆ సిలిండర్ ఒకసారి ఎత్తి చూడండి."

సిలిండర్ బయట వసారాలో ఉంది. బరువుంటుందని ఇన్‌స్పెక్టర్ రెండు చేతులూ వేసి గట్టిగా లాగాడు. అది తేలిగ్గా గాల్లోకి లేచి వచ్చేసరికి తూలి వెనక్కి రెండడుగులు వేశాడు.

"మొన్ననే మార్చిన సిలిండర్" అంది డిటెక్టివ్. "ఒక్క ముసలాయన. ఎన్నిసార్లు స్నానం చేశాడంటారు?"

"లీకయి ఉంటుంది."

"లీకయితే వాసనొస్తుంది. నర్సుకీ రాలేదు, మీకూ రాలేదు. గీజర్ వెలిగి, మండి మండి అయిపోయింది. అద్దం మీద ఆవిరీ, గోడల మీద నీళ్ళూ అందుకే. స్నానం చెయ్యలేదని కొడుకు అంటున్నాడు, పెద్దాయన మంచం దిగలేదు. మరి వేడినీళ్ళు ఎవరికోసం కారినట్టు?"

ఇన్‌స్పెక్టర్ చేతులు దులుపుకున్నాడు. "చూడండి డిటెక్టివ్ గారూ, నా దగ్గర ఖాళీ షీటుంది, వేలిముద్రలున్నాయి, అబద్ధమాడిన నర్సుంది. మీ దగ్గర ఒక ఖాళీ సిలిండరూ, గోడ రంగూ ఉన్నాయి. మూడింటికి వ్యాన్ కదుల్తుంది."

"మీ ఫోటోగ్రాఫర్ ఎవరు?"

"స్టేషన్ వెనక స్టూడియో అతను. మాకు సొంత మనిషి లేడు, కావలసినప్పుడు పిలుస్తాం. పెళ్ళి ఫోటోల్లో ఆరితేరినవాడు. ఎందుకు?"

"నర్సు అబద్ధమాడిందో ఫోటో అబద్ధమాడిందో అతనే చెప్పాలి. మీరూ రండి. లేకపోతే నేనే కల్పించానంటారు."

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆమె ఓడిపోతుంటే కళ్ళారా చూడాలన్న కోరికే ఆయన్ని రప్పించింది. ఆ మాట దారిలో ఆయనే దాచుకోకుండా చెప్పాడు కూడా.

ఫోటోగ్రాఫర్‌ని ఆ చుట్టుపక్కల అందరూ 'తెలుపు' అంటారు. ఎంత నల్లటి పెళ్ళికొడుకైనా అతని ఆల్బమ్‌లో తెల్లగా మెరిసిపోతాడు. స్టూడియో గోడల నిండా అలా మెరిసిపోయిన జంటలే. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోకి రాగానే అతను కంగారుగా లేచి, తాగుతున్న టీ మౌస్ పక్కన పెట్టి, మళ్ళీ తీసి కింద పెట్టాడు.

"నిన్నటి ఫోటోలు బాలేవా సార్? కష్టపడి చేశానే!"

"అదే అడుగుదామని వచ్చాం" అంది డిటెక్టివ్. "ఏం కష్టపడ్డారు?"

అతను కంప్యూటర్లో ఫోటోలు తెరిచాడు. పని గురించి అడిగేసరికి భయం కాస్త తగ్గింది. "కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టు ఇస్తే ఎవరూ ఒప్పుకోరు మేడం. బల్బు కింద తీస్తే పసుపు జీర వస్తుంది. ట్యూబ్‌లైటుకి పచ్చ జీర, మబ్బు పట్టిన రోజు నీలం జీర. ఆ జీర తీసెయ్యాలి. ఇదిగో, ఈ రెండు గీతల మీద బొత్తాల్లాంటివి ఉన్నాయి చూశారా? ఒకటి పసుపుకీ నీలానికీ మధ్య జరుగుతుంది, రెండోది పచ్చకీ గులాబీకీ మధ్య. జీర ఏ రంగులో ఉంటే బొత్తాన్ని దాని ఎదుటి వైపుకి జరపాలి."

"నిన్న ఏ జీర వచ్చింది?"

"ఎరుపు మేడం. బాగా ఎర్రగా వచ్చింది. పచ్చ వైపుకి ఎంతో జరిపితే గానీ దారికి రాలేదు."

"వచ్చిందని ఎలా తెలిసింది?"

"మొహం చూసి. నేను ఎప్పుడూ మొహమే చూస్తాను. మొహం బాగుంటే గోడ సంగతి పెళ్ళివాళ్ళెవరూ అడగరు. ఒక ఫోటోలో మొహం సరిగ్గా కుదిరిందంటే, ఆ లెక్కే మిగతా ఫోటోలన్నిటికీ ఒక్క నొక్కుతో అంటించేస్తాను. లేకపోతే వెయ్యి ఫోటోల పెళ్ళి ఎప్పటికి తెమిల్చేను?"

"పెళ్ళిలో సరే. ఇక్కడ పడుకున్నాయన పెళ్ళికొడుకు కాదుగా" అంది డిటెక్టివ్. "మీరు చేసిన మార్పులు తీసేస్తే అసలు ఫోటో ఉంటుందా?"

"ఎక్కడికి పోతుంది మేడం, అడుగున అలాగే ఉంటుంది. ఇదిగో." అతను ఒక మీట నొక్కాడు.

తెర మీద పెద్దాయన బుగ్గలు ఒక్కసారిగా గులాబీ రంగులోకి తిరిగాయి. పెదవులు, చెవులు, మెడ అన్నీ అదే రంగు. నిద్రలో మంచి కలగంటున్న మనిషిలా ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ తెర మీదకి వంగి చూశాడు. పొద్దున నర్సు చెప్పిన మాటలు ఆయనకి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అది మొహంలో కనిపించనివ్వకుండా ఉండటానికి ఆయన బాగానే కష్టపడ్డాడు.

"ఇదే మరి ఎర్రజీర" అన్నాడు చివరికి. "వీడు చెప్పాడుగా. కెమెరా తప్పు. నర్సు చూసింది కెమెరాతో కాదు, ఈ ఎరుపు ఆవిడకెలా కనిపిస్తుంది?"

"జీరే అయితే గదిలో ఉన్న అన్నిటి మీదా పడాలి" అంది డిటెక్టివ్. "వెలుతురు మనిషికొకటి, తలగడకొకటి ఉండదు కదా. మొహం మీద ఎరుపుంటే తలగడ మీదా ఉండాలి, గోడ మీదా ఉండాలి. తలగడ చూడండి."

తలగడ మల్లెపువ్వులా తెల్లగా ఉంది. వెనక గోడా అంతే.

"తెలుపు చూపించి సరిచేసుకునే గుర్తు ఒకటి ఉండాలి మీ దాంట్లో" అంది ఫోటోగ్రాఫర్‌తో. "దాన్ని తలగడ మీద నొక్కండి."

అతను డ్రాపర్ బొమ్మ పట్టుకుని తలగడ మీద నొక్కాడు. ఫోటోలో దాదాపు ఏ మార్పూ రాలేదు. మళ్ళీ నొక్కాడు. గోడ మీద నొక్కాడు. బొత్తాలు కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"జీర లేదు మేడం" అన్నాడు నీళ్ళు నములుతూ. "అసలు ఫోటోలో జీరే లేదు. మనిషే ఆ రంగులో ఉన్నాడు. నేను... మనిషిలో ఉన్నదాన్ని తీసేశాను."

"తీసేసిన ఎరుపుకి బదులుగా గోడకి పచ్చ పూశారు. నర్సు అబద్ధమాడలేదు ఇన్‌స్పెక్టర్ గారూ."

ఫోటోగ్రాఫర్ కుర్చీలో కూలబడ్డాడు. తన మూలంగా ఒక మనిషి జైలుకి పోబోతోందని అప్పుడే అర్థమైంది అతనికి. అందరికీ నచ్చే పనే ఇంత పని చేస్తుందని అతను కలలో కూడా అనుకుని ఉండడు.

"మాత్రలు మింగి పోయినవాళ్ళు ఈ రంగులో ఉండరు" అని డిటెక్టివ్ కొనసాగించింది. "గాలాడని గదిలో గ్యాస్ మండితే ఒక విషవాయువు పుడుతుంది. రంగుండదు, వాసనుండదు. నిద్రలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. అది రక్తంలో కలిస్తే ఒళ్ళు ఇలా గులాబీ రంగుకి తిరుగుతుంది. మీ డాక్టరుగారు శవం చూసి ఏమన్నారు?"

"పొద్దున్నే కోశారు. రంగు గురించి ఏమీ అనలేదు." ఆయన అప్పటికే ఫోన్ తీశాడు. తప్పని తెలిశాక సాగదీసే మనిషి కాదు ఇన్‌స్పెక్టర్. ఆ గుణమే లేకపోతే డిటెక్టివ్ ఆయన్ని ఎప్పుడో వదిలేసేది.

డాక్టరు గొంతు స్పీకర్లో విసుగ్గా వినిపించింది. "గులాబీ రంగా? ఉందయ్యా. రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టిన శవాలు అలాగే అవుతాయి. అందుకే పట్టించుకోలేదు."

"ఫ్రీజర్‌లో పెట్టకముందే అలా ఉందట సార్. నా ఎదురుగా ఫోటో ఉంది."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "ముందే ఉందా? రక్తం తీసి ఉంచాను. విషవాయువు ఏమైనా ఉందేమో మిషన్‌లో పెట్టి చూస్తాను. ఎంతోసేపు పట్టదు, నేనే చేస్తాను."

ఈలోగా డిటెక్టివ్ బాత్‌రూం ఫోటో తెరిపించింది. సరిచేసిన దాంట్లో వెంటిలేటర్ తెల్లటి పలకతో మూసినట్టే ఉంది.

"దీనికీ అదే లెక్క అంటించారా?"

"అన్నిటికీ అంటించాను మేడం."

"తీసెయ్యండి. వెంటిలేటర్ పెద్దది చేసి చూపించండి."

మీట నొక్కగానే తెల్లపలక గులాబీ రంగుకి మారింది. పెద్దది చేసేసరికి మడతలు కనిపించాయి, కుచ్చుల అంచు కనిపించింది. అది పలక కాదు. లేత గులాబీ తువ్వాలు, జాలీలో కుక్కి కుక్కి పెట్టారు. మొహంలోంచి ఎరుపుని తీసేసిన లెక్కే దీని ఎరుపునీ తీసేసింది.

"నిన్న మా వాళ్ళెవరూ తల ఎత్తి చూళ్ళేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా.

"ఎవరో వేడినీళ్ళ కుళాయి కాస్త వదిలి, గాలిపోయే దారి మూసి, బాత్‌రూం తలుపు తెరిచి పెట్టి వెళ్ళారు. తెల్లారగట్ల వచ్చి కుళాయి కట్టేసి, కిటికీ తెరిచి, షీటు ఖాళీ చేసి బుట్టలో పడేశారు. పైకెక్కి తువ్వాలు లాగేలోపు గేటు చప్పుడైంది. నర్సు గంట ముందు వచ్చింది కదా. తర్వాత మీరొచ్చారు, ఫోటోలు తీయించారు, తాళం వేశారు. తువ్వాలు లోపలే ఉండిపోయింది. ఇవాళ చూస్తే లేదు. ఈగ కూడా దూరలేదన్నారే?"

ఇన్‌స్పెక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చున్నాడు.

"ఒకడు దూరాడు" అన్నాడు. "నేనే తాళం తీశాను. నిన్న సాయంత్రం కొడుకు నా కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. నాన్న పళ్ళ సెట్టు బాత్‌రూంలో ఉండిపోయింది సార్, నోరు బోసిగా ఉన్నాయన్ని మా అక్కకి చూపించలేను, అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకూ తండ్రి లేడు. పోనీలే అని తీశాను, మళ్ళీ నేనే సీలు వేశాను. అతను లోపలున్నంతసేపూ గుమ్మం అవతల నిలబడ్డాను, బాధలో ఉన్నవాణ్ణి తేరిపార చూడకూడదని."

"బయటికొచ్చేటప్పుడు చేతిలో ఏముంది?"

"డబ్బా. దానికి తువ్వాలు చుట్టి ఉంది." ఆయన తెర వైపు వేలు చూపించాడు. "ఆ తువ్వాలే."

"పళ్ళ సెట్టు కోసమే వెళ్ళి, అడ్డమొచ్చిందని తువ్వాలు తీశానంటాడు రేపు" అంది డిటెక్టివ్. ఆమెకి ఇన్‌స్పెక్టర్ మీద జాలేసింది. కానీ జాలి చూపించే సమయం కాదది. "కోర్టులో ఆ మాట నిలబడుతుంది కూడా."

ఫోన్ మోగింది. డాక్టరు. ఈసారి గొంతులో విసుగు లేదు.

"నీ మాటే నిజమయ్యా. రక్తానికి సగానికి పైగా ఆ విషవాయువే పట్టింది. అది చాలు మనిషి పోవడానికి. నేను కాగితం రాసి పంపిస్తున్నాను. ఆ, ఇంకొకటి. పెద్దాయన పళ్ళ సెట్టు కవర్లో వేసి ఉంచాను. ఇంటివాళ్ళకి ఇచ్చెయ్యమంటావా?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌ని చెవి దగ్గరికి తెచ్చి, మళ్ళీ దూరం పెట్టాడు. "పళ్ళ సెట్టు మీ దగ్గరెందుకుంది సార్?"

"ఎందుకేమిటి, నోట్లోనే ఉంది. రాత్రి తియ్యకుండానే పడుకున్నట్టున్నాడు. కోసేముందు నేనే తీశాను."

డిటెక్టివ్ తెర వైపు తిరిగి మొదటి ఫోటో మళ్ళీ పెట్టించింది. గులాబీ రంగు మొహం, బిగించిన నోరు. పై పెదవి ఎక్కడా లోపలికి పోలేదు. పొద్దుటి నుంచి అందరూ ఆ మొహం రంగు గురించే కొట్టుకున్నారు గానీ, నోటి సంగతి ఆమె కూడా చూడలేదు. తన మీద తనకే కోపమొచ్చింది.

ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కి ఫోన్ కలిపాడు. వ్యాన్ అప్పుడే గేటు దాటిందని చెప్పారు. "వెనక్కి తిప్పించు. ఆ అమ్మాయిని దింపి నా గదిలో కూర్చోబెట్టు. నా కుర్చీలోనైనా సరే. వాళ్ళ చెల్లెలు బయటే ఉంటుంది, లోపలికి పంపించు."

ఆ ఫోన్ పెట్టీ పెట్టగానే మళ్ళీ మోగింది. తెర మీద నంబరు చూసి, ఆయన డిటెక్టివ్‌కి సైగ చేసి స్పీకర్ పెట్టాడు.

"సార్, నేనండి" అంది కొడుకు గొంతు, ఎప్పటిలాగే నెమ్మదిగా. "నాన్నగారిని ఎన్నింటికి ఇస్తారో కనుక్కుందామని. అక్క వచ్చింది."

"ఇస్తారు బాబూ, ఇంకెంతోసేపు పట్టదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. నర్సు ముందు గర్జించిన గొంతు అతి మెత్తగా పలికింది. "నిన్న తీసుకెళ్ళావే, ఆ పళ్ళ సెట్టు భద్రంగా ఉందా?"

"ఉంది సార్. కడిగి పెట్టాను. నా చేత్తోనే పెడదామని."

"మంచిది. దాన్ని తీసుకుని నువ్వే రా. నేను ఆసుపత్రి దగ్గరే ఉంటాను."